మన ఇంటి తేమ మీటరును ఎవరు తనిఖీ చేయాలి?

ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర తేమ మీటరుతో గొడవ పడని రైతు మనలో ఎవరూ ఉండరు. వరికి 17 శాతం దాటకూడదన్నది నిబంధన. పొద్దున కేంద్రంలో 17 చూపిన గింజ సాయంత్రం మిల్లు గేటు దగ్గరకు వెళ్లేసరికి 19 చూపిస్తుంది. పత్తి రైతుకూ ఇదే బాధ. 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే సీసీఐ కొనదు. అందుకే ఎన్నో ఏళ్లుగా మన సంఘం ఒకే మాట అడుగుతోంది: ఆ మీటరు సరైనదేనని ఎవరు తేల్చారు? రైతు కళ్ల ముందు పరీక్షించి చూపండి.

న్యాయమైన మాట. అయితే వేరేవాళ్ల చేతిలో ఉన్న మీటరును ఇంతగా అనుమానించే మనం, మన ఇంట్లో మన డబ్బుతో కొనుక్కున్న మీటరును మాత్రం గుడ్డిగా నమ్ముతున్నాం. నేను చెప్పేది గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్‌లో ఉండే తేమ మీటరు గురించి. పోయిన వానాకాలంలో ఆ నమ్మకం ఖరీదు ఎంతో మా ఇంట్లో తెలిసొచ్చింది.

మా ఆవిడ వాళ్ల పొదుపు సంఘంలో అప్పు తీసుకుని 60 గుడ్ల పెట్టె ఒకటి కొన్నది. ఫ్యాను ఉంది, గుడ్లు వాటంతట అవే తిరిగే ట్రే ఉంది, ఎర్ర అంకెలతో వేడిని, తేమను చూపించే మీటరు ఉంది. ఊళ్లో నాలుగు ఇళ్లు తిరిగి నాటు గుడ్లు 54 సేకరించి, ఒక్కోటి 20 రూపాయల లెక్కన 1,080 రూపాయలు ఇచ్చాం. ఏడో రోజు చీకటి గదిలో సెల్‌ఫోన్ లైటు పట్టి చూస్తే 6 ఖాళీ గుడ్లు. మిగిలిన 48లో సాలెగూడులా నరాలు చక్కగా కనిపించాయి. పద్దెనిమిదో రోజుకు 44 బతికి ఉన్నాయి. ఆ రాత్రి మా ఆవిడ పిల్లల లెక్క కూడా వేసేసుకుంది. ఎవరికి ఎన్ని అమ్మాలి, ఇంట్లో ఎన్ని ఉంచుకోవాలి అని.

బయటికొచ్చినవి 11. అందులో రెండు మూడో రోజున పోయాయి.

మిగిలిన గుడ్లు పగలగొట్టి చూశాం. బాధగా ఉన్నా చూడాలి. చూడకుండా గుంటలో వేసి పూడ్చిపెడితే మళ్లీసారి కూడా ఇలాగే జరుగుతుంది. పిల్లలన్నీ పూర్తిగా తయారై ఉన్నాయి. ముక్కు, గోళ్లు, బొచ్చు అన్నీ వచ్చాయి. కానీ ఒళ్లంతా జిగటగా తడి, పెంకులో ఇంకా నీరు. గుడ్డు మొద్దు కొన వైపు ఉండాల్సిన గాలి గది పావలా బిళ్లంత కూడా లేదు. నీళ్లలో మునిగి చనిపోయినట్టే ఉన్నాయి. నిజానికి జరిగింది కూడా అదే.

పెట్టె అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, "గుడ్లు మంచివి కావేమో, పుంజు చాలలేదేమో" అన్నారు. పుంజు చాలకపోతే 44 గుడ్లలో పిల్ల 18 రోజులు ఎలా పెరిగిందన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు.

ఇక్కడ గుడ్డు సంగతి కొంచెం చెప్పుకోవాలి. గుడ్డులో సగానికి పైగా నీరే. పెంకుకు కంటికి కనిపించని వేల రంధ్రాలు ఉంటాయి. పొదిగే రోజుల్లో వాటిలోంచి నీరు ఆవిరిగా బయటికి పోతూ ఉండాలి. కోడిగుడ్డు పద్దెనిమిదో రోజుకు తన బరువులో సుమారు 11 నుంచి 13 శాతం కోల్పోవాలి. అలా పోయిన నీటి చోటులోనే గాలి గది పెరుగుతుంది. ఇరవయ్యో రోజుకు పిల్ల ముందుగా ముక్కుతో పొడిచేది పెంకును కాదు, ఆ గాలి గదిని. మొదటి ఊపిరి అక్కడే తీసుకుంటుంది. ఆ తర్వాతే పెంకు పొడుస్తుంది. పెట్టెలో తేమ ఎక్కువైతే నీరు బయటికి పోదు, గాలి గది పెరగదు, పిల్లకు ఊపిరి అందదు. తేమ మరీ తక్కువైతే నీరు ఎక్కువగా పోయి పిల్ల నీరసిస్తుంది. పెంకు లోపలి పొర ఎండి, జిగురు కాగితంలా ఒంటికి అంటుకుంటుంది. పెంకు పొడిచిన పిల్ల తిరగలేక అక్కడే ఆగిపోతుంది. అందుకే ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీలు, మొదటి 18 రోజులు తేమ 50 నుంచి 55 శాతం, తిప్పడం ఆపేసిన చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉంచమంటారు.

మేం ఆ అంకెల్ని తు.చ. తప్పకుండా పాటించాం. పాటించడమే మా కొంప ముంచింది.

పెట్టె ఆన్ చేసిన మొదటి రోజు తేమ 36 దగ్గర ఆగింది. 55కు రావాలి కదా అని కింది ట్రేలో నీళ్లు నింపాం. చాలకపోతే తడి స్పాంజి పెట్టాం. అయినా చాలకపోతే ఇంకో స్పాంజి. అంతా చేసి 55కు తెచ్చి, రోజూ కాపలా కాసి అక్కడే నిలబెట్టాం. చివరి మూడు రోజులు ఇంకా నీళ్లు పోసి 70 చేశాం. పిల్లలు పోయాక, పశువైద్యశాలలో పనిచేసే తెలిసినాయన ఒకాయన "మీటరు ఉప్పుతో చూశారా?" అని అడిగారు. ఉప్పుతో మీటరు చూడటం ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ రాత్రే పెట్టి చూశాం. 75 చూపాల్సిన మీటరు పొద్దునకు 58 చూపించింది. 17 తక్కువ. అంటే 55 అని మేం సంబరపడిన రోజుల్లో పెట్టెలో నిజంగా ఉన్నది 72కు అటూ ఇటూ. చివరి మూడు రోజులు 87 దాకా పోయి ఉంటుంది. మొదటి రోజు చూపిన 36 అసలు 53. అంటే చుక్క నీరు పోయకపోయినా పెట్టె సరిగ్గానే ఉంది. 33 పిల్లల్ని చేజేతులా ముంచింది మేమే. ముంచమని చెప్పింది మీటరు.

ఉప్పు పరీక్షలో గమ్మత్తేమీ లేదు. ఉప్పు, నీరు కలిసిన తడి ముద్దను గాలి చొరబడని డబ్బాలో మూసి ఉంచితే, డబ్బాలోని గాలి తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. గది చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా దాదాపు అంతే. ప్రయోగశాలల్లో మీటర్లను సరిచూడటానికి వాడే పద్ధతుల్లో ఇదొకటి. మనకు కావలసింది వంటింటి ఉప్పు, మూత గట్టిగా పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, సీసా మూత ఒకటి.

సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేయండి. కల్లుప్పు అయితే దంచుకోండి. చుక్క చుక్కగా నీరు వేస్తూ తడి ఇసుకలా చేయండి. ఉప్పు కరిగిపోయి నీళ్లుగా మారితే పరీక్ష చెడిపోతుంది. కరగని ఉప్పు కళ్లకు కనిపిస్తూ ఉండాలి. నీళ్లు ఎక్కువైతే ఇంకొంచెం ఉప్పు వేస్తే సరి. ఆ మూతను, మీటరును పక్కపక్కన డబ్బాలో పెట్టి గట్టిగా మూసేయండి. ఉప్పు మీటరుకు తగలకూడదు. ఎండ పడని చోట, పొయ్యికి దూరంగా, ఫ్యాను కింద కాకుండా ఒక రాత్రంతా వదిలేయండి. కనీసం 8 గంటలు, 12 అయితే మేలు, 24 గంటలైనా నష్టం లేదు. మధ్యలో మూత తీయొద్దు. అంకె చూడాల్సింది మూత వేసి ఉండగానే, డబ్బా గోడలోంచి. మూత తీసి చూద్దామనుకుంటే తీసిన నిమిషంలోనే అంకె మారిపోతుంది. మా ఇంట్లో మొదటిసారి మా అబ్బాయి చేసింది అదే, ఆ రాత్రి పరీక్ష వృథా అయింది.

పెట్టెకే బిగించి ఉన్న మీటరైతే ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. అంకెలు కనిపించే డబ్బాను కదపనక్కర్లేదు. దాని నుంచి వైరు చివర వేలాడే చిన్న తెల్లటి జాలీ ముక్క ఉంటుంది, అదే సెన్సర్. ఆ ముక్క ఒక్కటి డబ్బాలోకి పోతే చాలు. మూతకు చిన్న గాటు పెట్టి వైరు దూర్చి, సందును చపాతీ పిండి ముద్దతో మూసేయండి. చాలా పెట్టెల్లో వేడిని కొలిచేది కూడా ఆ ముక్కే. అందుకని ఈ పరీక్ష చేసేటప్పుడు హీటరు వైరు తీసేసి, గది వేడిలోనే చూసుకోవాలి. లేకపోతే సెన్సర్ డబ్బాలో చల్లగా ఉంటుంది, పెట్టె మాత్రం కాలిపోతుంది.

మీటరు 72 చూపితే 3 కలుపుకోండి, 80 చూపితే 5 తీసేయండి. ఆ అంకెను కాగితం ముక్క మీద రాసి మీటరు మీదే అంటించండి, ఇంట్లో అందరికీ కనిపించాలి. కొన్ని మీటర్లలో ఆ తేడాను సరిదిద్దే సెట్టింగు ఉంటుంది. తేడా 10 దాటితే మాత్రం, నా మాట వినండి, సర్దుకోవద్దు. 75 దగ్గర 17 తప్పు చెప్పేది 50 దగ్గర కూడా సరిగ్గా 17 తప్పే చెబుతుందని నమ్మకం లేదు. మాది తీసేసి గోడకు తగిలించాం. దానిలో గడియారం కూడా ఉంది, టైము మాత్రం సరిగ్గానే చూపిస్తోంది.

చవక సెన్సర్లు కొత్తవైనా 5 శాతం అటూ ఇటూ చూపడం మామూలే. డీహెచ్‌టీ 11 అనే రకానికి తయారీ వివరాల్లోనే ఆ మాట రాసి ఉంటుంది. వాడే కొద్దీ ఇంకా చెడతాయి. పిల్లల నూగు, దుమ్ము పడతాయి. పెట్టెను ఫార్మలిన్ పొగ పట్టించి శుభ్రం చేసేటప్పుడు సెన్సర్‌ను లోపలే వదిలేస్తాం, ఆ పొగకు పాడవుతుంది. అందుకే కొన్న రోజు ఒక్కసారి చూసుకుంటే చాలదు. ప్రతి విడతకు ముందు ఒక రాత్రి ఉప్పు పెట్టాల్సిందే. 21 రోజుల పనికి ముందు ఒక రాత్రి ఎక్కువేమీ కాదు.

ఇక అభ్యంతరాల సంగతి. మా పెద్దమ్మ మొదటి మాటే, "పెట్టకు ఏ మీటరు కట్టారురా?" అని. గంపలో ఊక పోసి, పైన గుడ్డ పరిచి, పొదుగుకొచ్చిన పెట్టను కూర్చోబెడితే 12 గుడ్లకు 10 పిల్లలు లేపిన మనిషి ఆమె. ఆమెతో నాకు పేచీ లేదు. పొదిగే పెట్ట ఉన్న ఇంట్లో, పది పన్నెండు గుడ్లకైతే పెట్టను మించిన యంత్రం లేదు. కరెంటు పోయిందన్న బాధ కూడా ఉండదు. కానీ పెట్టకు ఒక విడతకు పది పన్నెండే, పొదిగి పిల్లల్ని పెంచినన్ని రోజులు మళ్లీ గుడ్డు పెట్టదు. ఆ నాలుగు డబ్బుల కోసమే కదా ఆడవాళ్లు అప్పు చేసి పెట్టె కొంటున్నది. మరో సంగతి, పెట్ట తన ఒంటితో వేడిని, తేమను తనే చూసుకుంటుంది. పెట్టెకు ఆ తెలివి లేదు, దానికి తెలివి ఇచ్చేది సెన్సరే. అది అబద్ధం చెబితే పెట్టె మొత్తం అబద్ధమే.

రెండో అభ్యంతరం కొంచెం చదువుకున్నవాళ్లది. వేడితో పోలిస్తే తేమ అంత ముఖ్యం కాదని. అందులో నిజం ఉంది. వేడి ఒక డిగ్రీ పెరిగి గంటల తరబడి నిలిస్తే పిల్లలు పోతాయి. తేమ ఒక రోజు 45కు పడినా, మరుసటి రోజు 60కి పోయినా గుడ్డు తట్టుకుంటుంది. దానికి లెక్క 18 రోజుల సగటే. కానీ సరిగ్గా అందుకే మీటరు తప్పు ప్రమాదకరం. కరెంటు పోవడం వల్లనో, నీళ్లు పోయడం మరవడం వల్లనో వచ్చే తేడా ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ, చివరకు సర్దుకుంటుంది. మీటరు తప్పు మాత్రం 18 రోజులూ ఒకే వైపు తోస్తుంది. శ్రద్ధ ఉన్నవాడే ఎక్కువ నష్టపోతాడు. రోజుకు నాలుగుసార్లు చూసి అంకెను 55 దగ్గర నిలబెట్టిన మా ఆవిడకు 11 పిల్లలు వచ్చాయి. నీళ్లు పోయడమే మరిచిపోయిన పక్క వీధి ఆయనకు అదే వానాకాలంలో 40కి 27 వచ్చాయి.

ఆయనకు ఎందుకు వచ్చాయో కూడా లెక్కలో తేలుతుంది. వానాకాలంలో బయటి గాలి 28 డిగ్రీల వేడి, 90 శాతం తేమతో ఉందనుకోండి. ఆ గాలినే పెట్టెలో 37.5 డిగ్రీలకు వేడి చేస్తే నీరు పెట్టకుండానే తేమ 53 శాతం దగ్గర ఉంటుంది. అదే సంక్రాంతి చలిలో, తెల్లవారుజామున 18 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గాలి పెట్టెలోకి వచ్చేసరికి 22 శాతానికి పడిపోతుంది. ఎండాకాలం అనంతపురం లాంటి చోట 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే పెట్టెలో 23. అదే నెలలో సముద్రం పక్క ఊళ్లో 34 డిగ్రీలు, 65 శాతం ఉంటే పెట్టెలో 54. గది వేడి 38 దాటిన చోట అసలు గుడ్లు పెట్టకపోవడమే మంచిది, పెట్టె వేడి చేస్తుంది కానీ చల్లబరచదు. పెట్టెతో వచ్చే కాగితంలో మాత్రం అందరికీ ఒకటే మాట: ట్రేలో నీళ్లు నింపండి. ఆ కాగితం రాసినవాళ్లకు మచిలీపట్నం శ్రావణ మాసం తెలియదు, కదిరి వైశాఖ మాసమూ తెలియదు. మీటరు సరైనదైతే కాగితం తప్పు చెప్పినా మనం సర్దుకోవచ్చు. రెండూ తప్పయితే గుడ్డు ఎవరికి చెప్పుకోవాలి?

మీటరు మీద అసలు నమ్మకం లేనివాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి పాతది, తడి గుడ్డ థర్మామీటరు. ఒకే రకం థర్మామీటర్లు రెండు తీసుకుని, గోరువెచ్చని నీళ్లలో పక్కపక్కన పెట్టి రెండూ ఒకే అంకె చూపుతున్నాయో లేదో చూసుకోండి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరును కూడా పక్కన ముంచితే వేడి మీటరు పరీక్ష కూడా అయిపోతుంది. ఆ తర్వాత ఒకదాని గుండుకు కొత్త దీపం వత్తి చుట్టి, వత్తి రెండో కొసను బ్యాటరీ నీళ్లున్న చిన్న గిన్నెలో వదలండి. నూనె తగిలిన వత్తి పనికిరాదు. రెండింటినీ పెట్టెలో ఫ్యాను గాలి తగిలే చోట ఉంచండి. పొడి థర్మామీటరు 37.5 ఉన్నప్పుడు తడిది 28 చూపితే తేమ 49 శాతం, 29 చూపితే 53, 30 చూపితే 58, 32 చూపితే 68. వత్తి మురికి పట్టినా ఎండినా అంకె తప్పుతుంది. రెండు మూడు రోజులకోసారి మార్చాలి.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చింది. గుడ్లనే తూకం వేయడం. పిల్లకు కావలసింది మీటరు అంకె కాదు, బరువులో తగ్గుదల. నాటు గుడ్డు సుమారు 45 గ్రాములు. 30 గుడ్లు 1,350 గ్రాములు. 18 రోజుల్లో 12 శాతం పోవాలంటే 162 గ్రాములు, అంటే రోజుకు 9 గ్రాములు. ఏడో రోజున తూచితే 63 గ్రాములు తగ్గి ఉండాలి. 35 మాత్రమే తగ్గిందంటే, మీటరు ఏం చూపినా సరే, పెట్టెలో తేమ ఎక్కువ ఉన్నట్టే. నీళ్లు తీసేయండి, గాలి రంధ్రాలు ఇంకొంచెం తెరవండి. 90 తగ్గితే నీళ్లు పెంచండి. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా చాలు. ట్రే బరువు తీసేయడం, ఖాళీ గుడ్లు ఏరేసే ముందే తూచడం మరవొద్దు. ఏరేశాక తూచి "అబ్బో ఎంత తగ్గిందో" అనుకుంటే మోసపోతాం. కాటా కూడా ఒక కొలత పరికరమే కదా అంటారేమో. అవును, కానీ కాటాను పరీక్షించడం మనకు కొత్త కాదు. పాలపొడి ప్యాకెట్టు ఒకటి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

మరి అన్నీ మనమే చేసుకుంటే ప్రభుత్వం దేనికి? నా అసలు ఫిర్యాదు ఇక్కడ ఉంది.

జాతీయ పశుధన మిషన్ కింద నాటుకోళ్ల పెంపకానికి 50 శాతం రాయితీ ఉంది, గరిష్టంగా 25 లక్షల రూపాయల దాకా ఇస్తారు. మంచిదే. కానీ అది కనీసం వెయ్యి తల్లి కోళ్లు, దానికి తగిన హేచరీ పెట్టగలిగినవాళ్లకు. 60 గుడ్ల పెట్టె కొనుక్కునే మహిళకు ఆ పథకంలో చోటు లేదు. ఆమె పెట్టెకు రాయితీ లేకపోతే పోనీ, ఆ పెట్టెలోని మీటరు నిజం చెబుతుందో లేదో చూసే దిక్కు కూడా లేదు. ఎరువు బస్తా మీద పోషకాల శాతం రాయాలి, విత్తన సంచి మీద మొలక శాతం రాయాలి. అవి తప్పితే అడగడానికి ఒక చట్టం, ఒక అధికారి ఉన్నారు. ఇంక్యుబేటర్ పెట్టె మీద "పూర్తి ఆటోమేటిక్" అని, "95 శాతం పిల్లలు గ్యారంటీ" అని రాసుకుంటున్నారు. మీటరు ఎంత అటూ ఇటూ చూపుతుందో ఒక్కరూ రాయరు.

కాబట్టి సంఘం తరఫున అడగాల్సినవి నా దృష్టిలో ఇవి. ఆంధ్రలో ప్రతి రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో ప్రతి రైతు వేదికలో సరిచూసిన తేమ మీటరు ఒకటి ఉంచాలి. వచ్చిన రైతు తన మీటరును దాని పక్కన పెట్టి పోల్చుకునే వీలుండాలి. దానికి లక్షలేమీ కాదు. కృషి విజ్ఞాన కేంద్రాలు పెరటి కోళ్ల శిక్షణ పెట్టినప్పుడు టీకాలు, దాణాతో పాటు ఉప్పు పరీక్షను కూడా చేసి చూపాలి. పొదుపు సంఘాల అప్పుతో కొనిపించే పెట్టెలకు అమ్మేవాడి ఎదురుగా మీటరు పరీక్ష చేశాకే డబ్బు చెల్లించాలి. ఈ చివరిదానికి ఏ జీవో అక్కర్లేదు. సంఘం మహిళలు గట్టిగా నిలబడితే చాలు. ఒక రాత్రి ఆగమంటే ఏ దుకాణదారుడైనా ఆగుతాడు. ఆగకపోతే ఎందుకు ఆగలేదో మనకు అర్థమైపోతుంది.

మద్దతు ధర, కౌలు రైతుల కార్డులు, పంట బీమా లాంటి పెద్ద సమస్యలుండగా ఈ కోడిగుడ్ల గోల ఏమిటని మన కమిటీలోనే ఒకరిద్దరు అన్నారు. వాళ్లకు నేను చెప్పిందే ఇక్కడా చెబుతాను. పంట పోయిన ఏడాది ఇంట్లో బియ్యానికీ పిల్లల ఫీజులకూ అక్కరకొచ్చేది పెరట్లోని కోళ్లూ గేదే. ఆ ఆదాయం ఆడవాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి మన తీర్మానాల్లోకి రాదు. 1,080 రూపాయల గుడ్లు, 21 రోజుల కరెంటు, వడ్డీ, ఇవి పోగొట్టుకున్న మనిషికి అది చిన్న సమస్య కాదు. ఆ నష్టం తన చేతకానితనం వల్లేనని ఆమె అనుకోవడం ఇంకా అన్యాయం. నెల రోజులు మా ఆవిడ ఆ పెట్టె వైపే చూడలేదు.

ఇంకో చిన్న మాట. వనరాజా, గ్రామప్రియ లాంటి కోళ్ల గుడ్లు పొదగవేసేవాళ్లు గుర్తుంచుకోండి, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వదిలిన ఆ రకాలు సంకరాలు. మీటరు ఎంత బాగున్నా వాటి గుడ్ల నుంచి వచ్చే పిల్లలు తల్లుల్లా గుడ్లు పెట్టవు. ఆ రకాలు కావాలంటే పిల్లల్నే కొనుక్కోవాలి. ఇంట్లో పొదిగించడానికి మన నాటు కోడి, అసీల్ గుడ్లే సరి. వారం దాటి నిల్వ ఉన్నవి వద్దు.

కార్తీకంలో మళ్లీ పెట్టాం. కొత్త మీటరు ఉప్పులో 73 చూపింది, పక్కన "2 కలుపు" అని మా అబ్బాయి చేతిరాతతో కాగితం. 48 గుడ్లు, పెట్టిన రోజు బరువు 2,140 గ్రాములు. ఏడో రోజు పొద్దున తూచితే 2,043. లెక్క ప్రకారం 100 తగ్గాలి, 97 తగ్గింది. ఇది రాస్తున్నప్పటికి పన్నెండో రోజు. వచ్చే నెల రెండో ఆదివారం మండల కమిటీ సమావేశానికి వచ్చేవాళ్లలో ఇంక్యుబేటర్ ఉన్నవాళ్లు మీటర్లు శనివారం సాయంత్రానికే సంఘం ఆఫీసులో ఇవ్వండి, పేరు రాసిన చీటీ అంటించి. రాత్రంతా డబ్బాల్లో ఉండాలి కదా. ఉప్పు, డబ్బాలు మేమే చూసుకుంటాం.